అడిగి నడిచిన దారి

గ్లెనిస్ ప్రాసర్‌కు కోపం రావడం మార్ల్‌ఫర్డ్‌లో ఒక వార్త కాదు. బుధవారం సంతలో క్యారెట్లకు మట్టి ఎక్కువుంటే కోపం, చర్చిలో పాట ఈడ్చుకుంటూ సాగితే కోపం, వాన పడుతుందని చెప్పి పడకపోతే రేడియోవాళ్ళ మీద కోపం. బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనాలు వడ్డిస్తూ బతుకు గడిపిన మనిషి. గరిటె వదిలేసి ఏళ్ళయినా గొంతు మాత్రం ఇంకా వందమంది పిల్లలకు సరిపడా ఉంది. అయితే ఏప్రిల్‌లో ఆ ఆదివారం ఉదయం, హాస్కిన్స్ పొలం గేటు ముందు ఆమెకు వచ్చిన కోపం అలాంటిది కాదు. నోట మాట రాలేదు. ఆమె నోట మాట రాకపోవడం మాత్రం వార్తే.

వెడల్పాటి పాత చెక్క గేటుకు కొత్త ఇనుప గొలుసు. గొలుసుకు పిడికిలంత తాళం. గేటుకు అటూ ఇటూ కంచె పొడవునా కొత్త ముళ్ళతీగ. మధ్యలో ఒక బోర్డు: "ప్రైవేటు స్థలం. ఇటు దారి లేదు." చదివినవాళ్ళు నొచ్చుకోకూడదని కాబోలు, దాని కింద ఒక బాతు బొమ్మ.

గ్లెనిస్ వెనక ఊళ్ళోని పసిపిల్లల తల్లులూ తండ్రులూ, పిల్లల్ని కూర్చోబెట్టిన తోపుడు బళ్ళూ, రంగురంగుల రబ్బరు బూట్లూ వరసగా ఆగిపోయాయి. నెలకో ఆదివారం ఆమె నడిపించే 'చిన్న కాళ్ళ నడక' అది. చర్చి వెనక సందులోంచి దిగి, ఈ గేటు దాటి, ఏటి ఒడ్డున పాత బండిబాట మీద మిల్లు ఆనకట్ట దాకా వెళ్ళి, అక్కడ ఫ్లాస్కుల్లో టీ తాగి వెనక్కి రావడం. మార్ల్‌ఫర్డ్ చుట్టూ నడవడానికి దారులకు కొదవేం లేదు. కానీ మిగతా ప్రతి దారిలోనూ కంచె కంచెకీ ఎక్కి దిగాల్సిన చెక్క మెట్లుంటాయి. తోపుడు బండి వాటిని ఎక్కదు.

టాంసిన్ చక్రాల కుర్చీ కూడా ఎక్కదు. గ్లెనిస్ మనవరాలు టాంసిన్‌కి పదేళ్ళు. పుట్టుకతోనే కాళ్ళలో బలం లేదు, ఆ బలమంతా నాలిక్కి పోయిందని వాళ్ళమ్మ అంటుంది. ఊళ్ళోంచి ఆ పిల్ల చక్రాలు పోగలిగిన పొలందారి ఇదొక్కటే. బాతులు, కొంగలు, గడ్డిలో కుందేళ్ళు, ఏటి నీటి చప్పుడు, ఇవన్నీ ఆ పిల్లకు ఈ గేటు అవతలే ఉన్నాయి.

"అమ్మమ్మా," అంది టాంసిన్, బోర్డు వంక చూస్తూ. "ఆ బాతుని మాత్రం లోపలికి పోనిస్తారేమో కనుక్కో."

అప్పుడొచ్చాడు జాస్పర్ ఫెన్‌విక్. ముసలి ఎల్విన్ హాస్కిన్స్ పోయాక పోయిన శీతాకాలంలో ఈ పొలం కొన్నవాడు. ఇంకా బురద అంటని బూట్లు, ఇంకా వాన చూడని కోటు. గేటుకు అటువైపు నిలబడి అందర్నీ చూసి నవ్వాడు.

"సారీ అండీ. చాలా చాలా సారీ," అన్నాడు.

ఈ ఊళ్ళో తిట్లలోకెల్లా పెద్ద తిట్టు 'సారీ'. కాలు తొక్కినవాడూ అదే అంటాడు, తొక్కించుకున్నవాడూ అదే అంటాడు. నిన్ను ఈ మెట్టు ఎక్కనివ్వను పో అనాలన్నా అదే మాట.

"తాళం తియ్యండి," అంది గ్లెనిస్.

"తియ్యడానికి నాకేం అభ్యంతరం లేదండీ. కానీ ఇది ప్రభుత్వం మ్యాపులో ఉన్న దారి కాదు. మా లాయరు చూశారు. ఎల్విన్ గారు ఏదో మంచితనం కొద్దీ వదిలేసి ఉంటారు."

"మ్యాపు పుట్టకముందు నుంచీ ఉందీ దారి!"

"ఏటి ఒడ్డున చెక్క గదులు కడుతున్నామండీ, పట్నం వాళ్ళు వచ్చి ఉండటానికి. వాళ్ళు ప్రశాంతత కోసం వస్తారు. పొద్దున్నే లేచి అలా నాలుగడుగులు నడవడానికి."

"నడవడానికా?" గ్లెనిస్ గొంతు లేచింది. "మా దారికి తాళమేసి, దాన్ని పట్నం వాళ్ళకి అమ్ముకుంటావా?"

"మీరు బాధపడుతున్నారు. అర్థం చేసుకోగలను," అన్నాడు ఫెన్‌విక్. "వెనక్కి వెళ్ళేటప్పుడు జాగ్రత్తండీ. బురదగా ఉంది."

గ్లెనిస్‌కు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది. ఎదటివాడు అరిస్తే తనూ అరవచ్చు. వీడు అరవడు. కొట్టేవాణ్ణి తట్టుకోవచ్చు గానీ జాగ్రత్తలు చెప్పేవాణ్ణి ఎలా తట్టుకుంటాం? ఆమె టాంసిన్ కుర్చీని ఎంత దూకుడుగా వెనక్కి తిప్పిందంటే, పిల్ల టోపీ ఎగిరి కాలవలో పడింది.

ఆ సాయంత్రమే కోలిన్ స్పార్గో వాళ్ళ వంటింట్లో బల్ల ముందు కూర్చుంది. దారుల రక్షణ సంఘం అంటూ ఊళ్ళో ఒకటుంది, దానికి కోలినే కార్యదర్శి. పొడుగ్గా, సన్నగా, ఎవరేమన్నా ముందు తల ఊపి తర్వాత ఆలోచించే మనిషి.

"కేసు మన వైపే ఉంది గ్లెనిస్," అన్నాడతను టీ పోస్తూ. "చట్టం ఏం చెబుతుందంటే, ఇరవై ఏళ్ళపాటు జనం ఒక దారిన నడిస్తే అది జనం దారే. మ్యాపులో లేకపోయినా ఎక్కించాలి. విచారణ పెట్టమని అడుగుదాం. అయితే ఎలా నడిచామన్నది ముఖ్యం. బలవంతంగా నడిచి ఉండకూడదు. దొంగచాటుగా నడిచి ఉండకూడదు. మూడోది..."

"దొంగచాటుగానా!" గ్లెనిస్ బల్ల మీద చరిచింది. "నేనా? పసిపిల్లల్ని వెంటేసుకుని, ఆ మూల నుంచి ఈ మూలకి వినబడేలా పాటలు పాడించుకుంటూ వెళ్ళేదాన్ని, నేను దొంగనా?"

"నువ్వని కాదు. చట్టం అలా..."

"ఆ చట్టానికి చెప్పు, నేను జన్మలో ఒకరి ఆపిల్ పండు కూడా చెప్పకుండా కోయలేదని!"

కోలిన్ తల ఊపాడు. ఆ మూడోది ఏమిటో చెప్పడానికి ఇంకోసారి నోరు తెరిచాడు. అప్పటికే గ్లెనిస్ ఫెన్‌విక్ బూట్ల మీదకి వెళ్ళిపోయింది, అక్కణ్ణించి అతని కోటు మీదకి, ఆ తర్వాత బాతు బొమ్మ మీదకి. ఆమె మాట్లాడుతుంటే మధ్యలో దూరడం కోలిన్ వల్ల ఏనాడూ కాలేదు. ఊళ్ళో ఎవరి వల్లా కాలేదు.

మే నెలలో నడకను కొండవైపు మార్చి చూసింది. తోపుడు బళ్ళను ఇద్దరిద్దరు తండ్రులు పట్టి మెట్ల మీదుగా ఎత్తారు. టాంసిన్ కుర్చీ ఎత్తబోతే ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టింది.

"నేనేం మంచం కాదు, ఎత్తి మోసుకెళ్ళడానికి," అంది. "మీరెళ్ళి రండి. నేనిక్కడ పుస్తకం చదువుకుంటా."

వాళ్ళమ్మ రియాన్ పిల్లతోపాటు మెట్ల దగ్గరే ఉండిపోయింది. రియాన్ గ్లెనిస్‌కు ఒక్కతే కూతురు, తల్లి ఎంత మాట్లాడుతుందో ఆమె అంత తక్కువ మాట్లాడుతుంది. రెండు గంటల తర్వాత గ్లెనిస్ కొండ దిగి వచ్చేసరికి ఇద్దరూ అలాగే ఉన్నారు. టాంసిన్ ఒళ్ళో పుస్తకం మూసే ఉంది. ఆ మూసిన పుస్తకాన్ని చూసేసరికి గ్లెనిస్ ఆగలేకపోయింది. ఆ ఫెన్‌విక్ తాళాన్ని అతని చేతే మింగిస్తానంది. పిల్లల ముందు ఆ మాటేమిటని రియాన్ అంటే, పిల్లల కోసమే కదా అంటున్నానని ఇంకా గట్టిగా అరిచింది.

విచారణ జూన్‌లో పట్టణ మందిరంలో జరిగింది. హాలు నిండిపోయింది. జిల్లా నుంచి వచ్చిన విచారణాధికారి బక్కపలచని మనిషి, రెండు మాటలకోసారి కళ్ళద్దాలు తుడుచుకుంటాడు. ఫెన్‌విక్ పక్కన అతని లాయరు మిస్ ఆర్క్‌రైట్ కూర్చుంది. ఆవిడది పసిపాపను జోకొట్టే గొంతు. ఇటువైపు ముందు వరసలో గ్లెనిస్, కోలిన్, టాంసిన్, రియాన్. వెనక గోడకు ఆనుకుని డెంజిల్ ట్రాంటర్ నిలబడ్డాడు, కాళ్ళ దగ్గర కుక్కతో. కుక్క పేరు బిషప్. ఊళ్ళో మర్యాద అనేది తెలియని మనిషి ఒక్కడే ఉన్నాడంటే అది డెంజిల్. ఎవరికీ గుడ్ మార్నింగ్ చెప్పడు, ఎవరి దగ్గరా 'ప్లీజ్' అనడు. ఇవాళ ఎందుకొచ్చావని కోలిన్ అడిగితే, గ్లెనిస్ నోరు మూయించేవాడు ఎవడైనా దొరుకుతాడేమో చూద్దామని వచ్చానన్నాడు.

ముందుగా ఫెన్‌విక్ మాట్లాడాడు.

"నాకు నడిచేవాళ్ళంటే గౌరవమే సార్. కానీ ఈ ఊరివాళ్ళ పద్ధతి చూసి ఆశ్చర్యపోయాను. ఎవర్నీ అడగరు. ఎవరికీ చెప్పరు. తమ సొంత పెరట్లోకి వెళ్ళినట్టు గేటు తోసుకుని వెళ్ళిపోతారు. పాపం ఎల్విన్ గారు ఎన్నేళ్ళు భరించారో. మర్యాద అనేది ఒకటుంటుంది కదా సార్."

కోలిన్ ముఖం వెలిగిపోయింది. ఫెన్‌విక్ తన గొయ్యి తానే తవ్వుకుంటున్నాడు. మిస్ ఆర్క్‌రైట్ అతని మోచేతి మీద చెయ్యి వేసింది గానీ అతను ఆగలేదు, ఎవర్నీ అడగరన్న మాటను ఇంకో రెండుసార్లు అన్నాడు. కోలిన్ ఆనందం పట్టలేక గ్లెనిస్ వైపు తిరిగాడు. తిరిగి చూసి భయపడ్డాడు. ఆమె మెడ దగ్గర్నుంచి చెవుల దాకా కందగడ్డలా ఎర్రబడిపోయి ఉంది.

ఆమె వంతు వచ్చింది. మిస్ ఆర్క్‌రైట్ లేచి, పిల్లలకు పాలగ్లాసు అందించేంత మెత్తగా అడిగింది.

"ప్రాసర్ గారూ, మా క్లయింట్ మాటలు మిమ్మల్ని బాధపెట్టినట్టున్నాయి. మీలాంటివారు ఒకరి పొలంలోకి చెప్పాపెట్టకుండా పిల్లల్ని తీసుకెళ్ళి ఉంటారంటే నేనైతే నమ్మలేను."

"మీరెందుకు నమ్ముతారు? అబద్ధమైతే కదా!" గ్లెనిస్ లేచి నిలబడింది. కోలిన్ ఆమె కోటు అంచు పట్టుకుని లాగాడు. ఆమె చెయ్యి విదిలించింది. "మర్యాద గురించి నాకు నేర్పుతాడా ఇతను? ప్రతి ఏడూ సెప్టెంబర్‌లో డామ్సన్ పళ్ళ జామ్ కాచగానే మొదటి సీసా ఎవరికి? ఎల్విన్‌కి. నేనే స్వయంగా వాళ్ళ వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఇచ్చేదాన్ని. 'ఎల్విన్, ఈ ఏడు కూడా ఆదివారం పిల్లల్ని నీ పొలంలోంచి తీసుకెళ్ళొచ్చా?' అని అడిగేదాన్ని. 'వెళ్ళు వెళ్ళు, గేటు మాత్రం వేసెళ్ళు' అనేవాడు. ఒక్క ఏడు తప్పలేదు. అతనికి ఒంట్లో బాలేని ఏడు కూడా మంచం పక్కన నిలబడి అడిగాను. అడక్కుండా ఒక్క ఆదివారం నడిచానని ఎవర్నైనా అనమనండి!"

కోలిన్ రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. ఫెన్‌విక్‌కి కూడా ఏం జరిగిందో అర్థం కాలేదు. కోలిన్ కాకుండా అర్థమైంది ఒక్క మిస్ ఆర్క్‌రైట్‌కే. ఆవిడ నవ్వలేదు, కాస్త జాలిపడ్డట్టే చూసింది.

"థాంక్యూ ప్రాసర్ గారూ. చాలా స్పష్టంగా చెప్పారు. అంటే ఆ ఆదివారం నడకలన్నీ ఎల్విన్ గారి అనుమతితో జరిగినవన్నమాట."

"అవును మరి!"

"అనుమతితో నడిస్తే అది హక్కు కాదండీ. ఇచ్చినవారి దయ. ఎల్విన్ గారితోనే ఆ దయ కూడా పోయింది."

అధికారి కళ్ళద్దాలు తుడుచుకుని ఏదో రాసుకున్నాడు. గ్లెనిస్ కోలిన్ వైపు చూసింది.

"అదే మూడోది," అన్నాడు కోలిన్ నీరసంగా. "అడిగి నడిచి ఉండకూడదు. చెప్దామనుకున్నాను. నువ్వు చెప్పనిస్తే కదా."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగినందుకే నోటిదగ్గర కూడు పోయింది. గేటు విరగ్గొట్టి వెళ్ళినా ఓడిపోయేవాళ్ళే, గోడ చాటున వెళ్ళినా ఓడిపోయేవాళ్ళే, అది న్యాయమే అనుకుందాం. కానీ జామ్ సీసా పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ప్లీజ్ అన్నందుకు ఓడిపోవడమేమిటి? ఏ చట్టమది, ఏ దేశమది! గ్లెనిస్ కూర్చుంది. పక్కన టాంసిన్ చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది. ఆ చిన్న చెయ్యి కోపంగా ఉన్నా బాగుండేది. అది ఓదారుస్తోంది. అది భరించడం ఇంకా కష్టమైంది.

"నేనెవర్నీ అడగలేదు," అని వెనక నుంచి వినబడింది.

డెంజిల్ గోడ దగ్గర్నుంచి కదలకుండానే అన్నాడు. అధికారి ముందుకు రమ్మంటే, ఇక్కణ్ణించే వినబడుతుంది కదా అన్నాడు.

"రోజూ పొద్దున్నే వెళ్తా. నేనూ కుక్కా. ఈ కుక్కకి ముందు దీని అమ్మ, దానికి ముందు దాని అమ్మ. ముప్ఫై ఏళ్ళ పైమాటే. ఎల్విన్ నన్ను చూసేవాడు. నేనతన్ని చూసేవాణ్ణి. పోయేవాణ్ణి."

"అతను ఎప్పుడైనా అభ్యంతరం చెప్పారా?" అడిగాడు అధికారి.

"చెప్పాలంటే మాట్లాడాలి కదా."

"పోనీ, వెళ్ళమని?"

"దానికీ మాట్లాడాలి కదా. మాకు మాటల్లేవు."

"ఎందుకని?"

"గుమ్మడికాయ," అన్నాడు డెంజిల్. హాలంతా తిరిగి చూసింది. "పూలూ కూరగాయల ప్రదర్శనలో నా గుమ్మడికాయకి బహుమతి రావలసింది. నేను సూదితో నీళ్ళెక్కించానన్నాడు ఎల్విన్, అందరి ముందూ. ఆ రోజు నుంచి మాటల్లేవు."

"ఎక్కించారా?"

"దానికీ దారికీ ఏం సంబంధం?"

మిస్ ఆర్క్‌రైట్ లేచింది. "ఒక్క మనిషి, ఒక కుక్క నడిస్తే అది జనం నడిచినట్టు కాదండీ."

అధికారి తల ఊపాడు. "నిజమే. ప్రాసర్ గారి ఆదివారం నడకతో సంబంధం లేకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా ఆ దారిన నడిచినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

హాలంతా తమ బూట్ల వంక చూసుకోవడం మొదలుపెట్టింది. గ్లెనిస్ వెనక్కి తిరిగి ఒక్కొక్కరి ముఖం చూసింది. ఎవరూ కళ్ళు కలపలేదు. ఊళ్ళో ఇంతమంది ఉండి ఒక్కడూ లేవడేం? వీళ్ళకేనా తను ఇన్నేళ్ళు దారి చూపించింది? ఆమె తిట్టడానికి నోరు తెరిచేలోపు పిపా లాంగ్‌మోర్ లేచి నిలబడింది. కవల పిల్లల తల్లి, రొట్టెల కొట్టు నడుపుతుంది.

"సారీ గ్లెనిస్," అంది పిపా ముందుగా. తర్వాత అధికారి వైపు తిరిగింది. "మేం శనివారాలు వెళ్తామండీ. చిన్నప్పుడు మా అమ్మతో వెళ్ళేదాన్ని, ఇప్పుడు పిల్లల్తో వెళ్తున్నాను. ఎవర్నీ అడగలేదు. అడగాలని కూడా తట్టలేదు."

"శనివారమే ఎందుకు? ఊరందరికీ ఆదివారం నడక ఉంది కదా?" అడిగింది మిస్ ఆర్క్‌రైట్.

పిపా ముఖం ఎర్రబడింది. "ఆదివారం గ్లెనిస్ గారుంటారు కదండీ. ఎడం పక్కన నడవండి, పుల్లలు ఏరొద్దు, బూట్లు తడపొద్దు, వరసలో రండి... పిల్లలు ఏడ్చేవాళ్ళు. సారీ గ్లెనిస్. నిజంగా సారీ."

ఇంకో మూల కసాయి దుకాణం వాళ్ళబ్బాయి లేచాడు. వాళ్ళు పొద్దుటిపూట వెళ్తారట, కారణం అదేనట, సారీ అట. తర్వాత బడి టీచరు. తర్వాత చర్చి పాస్టరమ్మ లేచింది. ప్రతి సోమవారం ఒంటరిగా ఆ దారినే నడుస్తుందట. ఆదివారం గ్లెనిస్ ఎదురైతే ఆ రోజు తన ప్రసంగంలో తప్పులు ఎత్తి చూపుతుందని. "దేవుడు క్షమించాలి," అంది పాస్టరమ్మ. "నువ్వు కూడా, గ్లెనిస్."

లేచిన ప్రతివాళ్ళూ సారీ అన్నారు. లేచిన ప్రతివాళ్ళూ ఒక చెంపదెబ్బ కొట్టి కూర్చున్నారు. ప్రతి దెబ్బకీ కోలిన్ ముఖం వికసిస్తోంది, అధికారి కలం పరుగెడుతోంది. గ్లెనిస్ కళ్ళు గోడ గడియారం మీద పెట్టి బిగుసుకుని కూర్చుంది. గెలుస్తున్నామని ఆమెకు తెలుసు. ఊరంతా కలిసి దారిని కాపాడుతోంది, దాన్ని కాపాడటానికి తనను రాళ్ళతో కొడుతోంది. లేచి ఒక్కొక్కణ్ణీ కడిగెయ్యాలని ఉంది. కడిగేస్తే దారి పోతుంది. జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని కూర్చోవడం తప్ప ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు. డెంజిల్ కోరిక తీరింది.

చివరికి ఆమె పక్క కుర్చీ కదిలింది. రియాన్ లేచింది.

"నేనూ నా కూతురూ బుధవారం సాయంత్రాలు వెళ్తాం," అంది, ఎప్పటిలాగే నెమ్మదిగా. "దాని కుర్చీ పోయేది ఆ దారినే. ఎవర్నీ అడగలేదు. అమ్మకి కూడా చెప్పలేదు."

"అమ్మమ్మ బాతుల దగ్గర ఆగనివ్వదు," అంది టాంసిన్ అధికారికి అర్థం కావాలని. "ఆలస్యమైపోతుందంటుంది. బుధవారం మేం ఎంతసేపైనా ఆగుతాం."

గ్లెనిస్ వాళ్ళిద్దరి వంకా చూడలేదు. విచారణ ముగిశాక హ్యాండ్‌బ్యాగు చంకలో పెట్టుకుని, బిషప్ తోక మీంచి దాటుకుని వెళ్ళిపోయింది.

ఆ వేసవంతా ఆమె ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. పిపా కొట్టులో రొట్టె కొనడం మానేసి పక్క ఊరి నుంచి తెచ్చుకుంది. చర్చికి వెళ్ళింది గానీ చివరి వరసలో కూర్చుని, పాస్టరమ్మ ఎన్ని తప్పులు చేసినా చెప్పకుండా, ఆవిడ ఖర్మకు ఆవిణ్ణి వదిలేసింది. రియాన్ ఫోన్ చేస్తే బాగానే ఉన్నానని పెట్టేసింది. కోపం మాత్రం చల్లారలేదు. ఫెన్‌విక్ మీద కోపమైతే తిట్టుకుని హాయిగా నిద్రపోవచ్చు. ఇది ఎవరి మీదని తిట్టాలి? వాళ్ళ కోసమే కదా ఇదంతా. వరసలో రమ్మన్నది వాళ్ళు ఏట్లో పడకూడదనే కదా. ఎవరు చెప్పమన్నారు, ఎవరు అడిగారు అని లోపలి నుంచి ఏదో అనేది. దాన్ని కూడా నోర్మూసుకోమనేది.

సెప్టెంబర్‌లో తీర్పొచ్చింది. దారి జనానిది. తాళం తీశారు, ముళ్ళతీగ చుట్టి పట్టుకుపోయారు, బాతు బొమ్మ కూడా పోయింది. ఆ ఆదివారం ఊరంతా జెండాలతో, సాసేజ్ రోల్స్ పొట్లాలతో ఆ దారిన నడిచింది. గ్లెనిస్ వెళ్ళలేదు. వంటింట్లో డామ్సన్ పళ్ళు ఉడకబెట్టుకుంటూ కూర్చుంది.

చేతులకు అలవాటై మొదటి సీసా పక్కన పెట్టింది. పెట్టాక గుర్తొచ్చింది, ఇక అది పట్టుకెళ్ళాల్సిన గుమ్మం లేదని. మూడు రోజులు ఆ సీసా కిటికీలో కూర్చుని ఆమెను చూసింది. బుధవారం మధ్యాహ్నం దాన్ని తీసుకెళ్ళి డెంజిల్ ప్రహరీ గోడ మీద ఠక్కున పెట్టింది. డెంజిల్ గుమ్మడి పాదు దగ్గర వంగి ఉన్నాడు.

"నేనడగలేదు," అన్నాడు తల ఎత్తకుండా.

"నేనూ అడగట్లేదు. పట్టుకో."

అతను వచ్చి సీసా తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. "పోయినేడాది ఎల్విన్‌కిచ్చింది కాస్త పలచగా ఉందని విన్నా."

"నీతో మాట్లాడేవాడు కాదుగా, ఎవరు చెప్పారు?"

"ఊళ్ళో అన్నీ తెలుస్తాయి." డెంజిల్ సీసా జేబులో దోపుకున్నాడు. "నీ కూతురూ మనవరాలూ ఇవాళ ఆరింటికి వెళ్తారు, ఏటి దారిన. అది కూడా ఊరందరికీ తెలుసు. నీకే తెలీదు ఇన్నాళ్ళూ."

తిట్టడానికి మంచి మాటే నోటిదాకా వచ్చింది. అయినా ఆమె తిట్టలేదు. ఇంటికెళ్ళి రబ్బరు బూట్లు వేసుకుంది.

గేటు దగ్గర నిలబడేసరికి సాయంత్రపు ఎండ ఏటి మీద వాలుతోంది. ఫెన్‌విక్ గట్టు మీద నుంచి చెయ్యి ఊపి, సాయంత్రం చాలా బాగుందన్నాడు. థాంక్యూ అనే మాట అలవాటు కొద్దీ నాలిక చివరిదాకా వచ్చింది. గట్టిగా పళ్ళు బిగించింది. వాడికెందుకు చెప్పాలి? ఇది వాడి సాయంత్రం కాదు.

చర్చి సందులోంచి చక్రాల చప్పుడు వినబడింది. రియాన్ తల్లిని చూసి ఆగింది. ముగ్గురూ గేటు ముందు నిలబడ్డారు. ఎల్విన్ గుమ్మం ముందు ఏటేటా అంత సులువుగా అన్న మాట, పరాయివాడి ముందు నవ్వుతూ అన్న మాట, ఇప్పుడు నాలిక మీదకే రానంది. ఆమెకు మళ్ళీ కోపం వచ్చింది. కన్నకూతురి ముందు, తను ఎత్తుకు పెంచిన మనవరాలి ముందు ఇలా నిలబడాల్సి వచ్చిందే అని. ఆ కోపంతోనే అంది.

"నేనూ రావచ్చా?"

రియాన్ కూతురి వంక చూసింది. టాంసిన్ అమ్మమ్మను కిందనుంచి పైదాకా చూసింది. తర్వాత చక్రాలు తనే తిప్పుకుంటూ గేటులోంచి లోపలికి వెళ్ళిపోయి, వెనక్కి చూడకుండా అంది.

"రా రా. గేటు మాత్రం వేసి రా."

గ్లెనిస్ గేటు వేసింది. సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసి, వాళ్ళ వెనకాల నడిచింది.